అత్తయ్య ఇవ్వని ఫొటో

ఆ వేసవి మొత్తంలో మా అత్తయ్య మొహాన్ని ఒక్కసారైనా ఫొటో తియ్యాలని పోలీసులు చెయ్యని ప్రయత్నం లేదు. ఎండలో నిలబెట్టారు, బండి పట్టుకుపోయారు, బెదిరించారు, నవ్వుతూ అడిగారు, చివరికి మా మామయ్య చేత చెప్పించి చూశారు. ఆవిడ లైసెన్సు ఇచ్చింది, బండి కాయితాలు ఇచ్చింది, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. మొహం మాత్రం ఇవ్వలేదు.

అత్తయ్యంటే మా నాన్నకు చెల్లెలు. ఆడవాళ్ళకు కారు నేర్పేది. వీధివైపు గదిలో ఒక బల్ల, గోడకు రోడ్డు గుర్తుల పటం, గుమ్మం ముందు ఒక పాత చిన్న కారు. అదే మా డ్రైవింగ్ స్కూలు. ఆ కారుకి పక్క సీటు దగ్గర కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉండేవి. చదువైపోయాక ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగి, విసిగి, నేను వాళ్ళింట్లో చేరాను. ఆవిడ దగ్గరే నేర్చుకుని ఆవిడకే రెండో టీచరునయ్యాను. వేసవి మాకు పంటకాలం. పిల్లలకు సెలవులివ్వగానే వాళ్ళను ఎవరో ఒకరికి అప్పజెప్పి తల్లులు వచ్చేవాళ్ళు. బ్యాంకులో పనిచేసే పెద్దావిడ, బట్టల కొట్టు ఆవిడ, టైలరమ్మ, ఇలా రకరకాలవాళ్ళు. కొందరు ఇంట్లో చెప్పి వచ్చేవాళ్ళు, కొందరు చెప్పకుండా. ఎవరు ఎలా వచ్చారని అత్తయ్య ఎప్పుడూ అడిగేది కాదు.

మామయ్య పోలీసు శాఖలోనే డ్రైవరు. ఇన్‌స్పెక్టరు జీపు ఆయనే తోలేవాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ స్టీరింగులే పట్టుకుంటే ఇంక సంసారాన్ని ఎవరు తోలుతున్నారని చుట్టాలు వేళాకోళమాడితే నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అలాంటివాడు. ఇంకొన్నేళ్ళు గడిస్తే పింఛను.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి స్టేషన్‌కి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దొంగతనాలు పెరిగాయంటూ పెద్ద కూడలిలో తనిఖీలు మొదలుపెట్టించాడు. అందులో తప్పేం లేదు. బండి ఆపి కాయితాలు చూడటం ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా వచ్చిందేమిటంటే, ఆపిన ప్రతి బండినీ నడిపేవాళ్ళ మొహం ఫొటో తియ్యడం. దానికి సర్కారు కెమెరా ఏమీ లేదు. కానిస్టేబుళ్ళ సొంత ఫోన్లే. మొదట్లో జనం పెద్దగా పట్టించుకోలేదు. కొందరు జుట్టు సర్దుకునేవాళ్ళు. కొందరు నవ్వు మొహం కూడా పెట్టేవాళ్ళు. పెళ్ళిచూపులకు పంపుతారేమో బాగా తియ్యమని ఒక టాక్సీవాడు అన్నాడట.

మా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఒక నర్సమ్మ ఉండేది. ఆమె పనిచేసే ఆసుపత్రి ఊరి చివర. డ్యూటీ దిగేసరికి బస్సులుండవు. భర్త ఎక్కడో దూరాన పని చేస్తుంటే, ఇంటి పెత్తనం అంతా బావగారిది. ఆయన వచ్చి దింపితే దిగాలి, తీసుకెళ్తే వెళ్ళాలి. ఒక్కోసారి ఆయన వచ్చేదాకా ఆసుపత్రి మెట్ల మీద కూర్చునేది. కారు నేర్చుకుంటున్నట్టు భర్తకు మాత్రమే చెప్పింది. ఆయన సరేనన్నాడు గానీ అన్నయ్యకు మాత్రం ఇప్పుడే తెలియనివ్వద్దన్నాడు. ఆమె స్టీరింగ్ పట్టుకోవడం చూస్తే నాకు ముచ్చటేసేది. సూది గుచ్చేటప్పుడు ఎంత నెమ్మదిగా ఉంటుందో అంత నెమ్మది.

ఒక మధ్యాహ్నం ఆమెతో నేను కూడలికి వెళ్ళాను. ఇంకా మీసాలు సరిగా రాని కుర్ర కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపాడు. కాయితాలన్నీ చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. "అమ్మా, ఇటు చూడండి" అని ఫోనెత్తాడు. ఆమె చూసింది. అంతే, తీసేశాడు. ఆ నిమిషంలో అది మా ఇద్దరికీ పెద్ద విషయంగా తోచలేదు.

ఆమె ఇంటికి చేరకముందే ఆ ఫొటో బావగారి ఫోన్లో ఉంది. కింద "మీ ఇంటి కోడలు రోడ్డెక్కింది" అని రాసి ఎవరో పంపారు. ఆయన అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. ఫోను ఇంటిల్లిపాదికీ చూపించాడు. ఆ తర్వాత, ఇకమీదట ఆసుపత్రికి కాక ఇంకెక్కడికి వెళ్ళాలన్నా తనతోనే వెళ్ళాలన్నాడు. మర్నాడు నర్సమ్మ మా కిటికీ బయట నిలబడి ఈ సంగతి చెప్పింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మిగిలిన పాఠాలు ఎవరికైనా అవసరమున్నవాళ్ళకు చెప్పమంది. ఆమె వెళ్ళిపోయాక అత్తయ్య చాలాసేపు గోడమీది రోడ్డు గుర్తుల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ రోజు మామయ్య భోజనానికి వచ్చినప్పుడు ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న. పోలీసు ఫోన్లో తీసిన ఫొటో వాళ్ళ బావగారికి ఎలా చేరింది? మామయ్య చెయ్యి కడుక్కుంటూ, ఊరన్నాక అందరూ అందరికీ తెలిసినవాళ్ళే అన్నాడు. తువ్వాలు కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది.

మర్నాడు అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరింది. ఆవరణలో మామయ్య జీపు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి, చక్రం దగ్గరకు వంగి, కడిగిన చక్రాన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే కుర్చీ చూపించాడు. మన జీపు డ్రైవరు భార్యవి, అంటే మనింటి మనిషివే కదమ్మా అన్నాడు. అత్తయ్య నర్సమ్మ ఊసెత్తలేదు. ఏ చట్టం ప్రకారం ఫొటోలు తీస్తున్నారని అడిగింది. తీసినవి ఎక్కడ దాస్తున్నారని అడిగింది. వాటిని ఎవరెవరు చూస్తారని అడిగింది. ఆయన ఓపికగా విని నవ్వాడు.

"తప్పు చెయ్యనివాళ్ళకి భయం దేనికమ్మా? ఫొటోయేగా. ఒంట్లోంచి ముక్క కోసుకోవట్లేదుగా."

"భయం కాదు సార్. మీరు స్నానాలగదికి గడియ పెట్టుకుంటారు. లోపల దొంగతనమేం చెయ్యరుగా. అయినా పెట్టుకుంటారు."

వెనక ఎవరో కానిస్టేబుల్‌కి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు జారిపోయింది. ఫైలు ఒకటి ముందుకు లాక్కుంటూ, ఎవరింటి కోడలు ఎక్కడ తిరుగుతోందో ఇంట్లోవాళ్ళకి తెలిస్తే నష్టమేంటని అడిగాడు. అత్తయ్య లేచి నమస్కారం పెట్టి బయటకు వచ్చేసింది. మెట్లు దిగుతూ నాతో అంది, "కోడలన్న మాట నేను ఎత్తనే లేదు. గమనించావా?"

అప్పుడే అర్థమైంది నాకు. కంచే చేను మేస్తోంది.

ఆ వారంలోనే కూడలిలో మా కారును ఆపారు. అత్తయ్య నడుపుతోంది, పక్కన నేను, వెనక బ్యాంకావిడ. కుర్ర కానిస్టేబులే వచ్చాడు. అత్తయ్య కాయితాలన్నీ అందించింది. చూసి ఇచ్చేశాడు. ఫోనెత్తి ఇటు చూడమన్నాడు. ఆవిడ లైసెన్సు కార్డు తీసి మొహానికి అడ్డంగా పట్టుకుంది.

"నా ఫొటో ఇందులో ఉంది బాబూ. సర్కారు తీసిందే. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో."

అతను కాస్త ఎడమవైపుకి జరిగాడు. కార్డూ ఎడమవైపుకి జరిగింది. కుడివైపుకి వంగాడు. కార్డూ వంగింది. పక్కన ఆగిన బస్సులోంచి జనం తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ కుర్రాడికి చెవులు ఎర్రబడ్డాయి. ఇది రూలమ్మా అన్నాడు. ఆ రూలు రాసిన కాయితం చూపిస్తే కార్డు దించుతానంది అత్తయ్య. అతని దగ్గర కాయితమేమీ లేదు. వైర్‌లెస్‌లో మాట్లాడి వచ్చి, బండి పక్కకి పెట్టి పెద్దసారు చెప్పేదాకా అక్కడే ఉండమన్నాడు.

ఎండ నడినెత్తిన ఉంది. చెట్టన్నది లేని రోడ్డు. నా గొంతు తడారిపోతోంది. బ్యాంకావిడకు కోపం వచ్చి మొహం జేవురించింది. అత్తయ్య మాత్రం తాపీగా దిగి, వెనక తలుపు తీసి, ఆవిడను డ్రైవరు సీట్లో కూర్చోమంది. ఎలాగూ ఆపారు, పెట్రోలు ఖర్చు లేకుండా గేర్లు నేర్చుకోవచ్చంది. ఇంజను ఆపేసిన కారులో పాఠం మొదలైంది. క్లచ్చి తొక్కు, ఫస్టు. క్లచ్చి తొక్కు, సెకండు. చూడకుండా వెయ్యండి, అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో అద్దంలో చూసుకుంటారా? అప్పటిదాకా థర్డు గేరుకీ ఫస్టు గేరుకీ తేడా తెలియని బ్యాంకావిడ, పొద్దు వాలేసరికి కళ్ళు మూసుకుని మార్చడం నేర్చేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, సంగతి తెలుసుకుని వెళ్ళేవాళ్ళు.

మధ్యలో కుర్ర కానిస్టేబుల్ నీళ్ళసీసా తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. పైనుంచి చెప్తే చెయ్యాలి కదమ్మా అని నసిగాడు. అత్తయ్య తాగి మూత పెట్టింది.

"నీ మీద నాకు కోపం లేదు బాబూ. నీ ఫోనుతోనే నా పేచీ."

చివరికి, తనిఖీకి సహకరించలేదని రాసి బండి పట్టుకుపోయారు. మేం ముగ్గురం నడిచి ఇంటికొచ్చాం. దారంతా బ్యాంకావిడ గాలిలో గేర్లు మారుస్తూనే ఉంది.

మూడు రోజులు తిప్పించుకుని, జరిమానా రాసి, కారు వదిలారు. ఈలోపు సంగతి ఊరంతా పాకింది. మొదట మా దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళు, ఇంతకుముందు నేర్చుకుని వెళ్ళినవాళ్ళు కార్డు అడ్డం పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత టాక్సీలవాళ్ళు అందుకున్నారు. "లైసెన్సులోనే ఇంకా అందంగా ఉన్నాను సార్, అదే తీసుకోండి" అనేవాడు ఒకడు. పాల వ్యానువాడు కార్డు అతికించుకోవడానికి టోపీయే కుట్టించుకున్నాడని చెప్పుకున్నారు. అది నేను కళ్ళారా చూడలేదు. కూడలిలో నవ్వులపాలవుతుంటే కానిస్టేబుళ్ళు కొన్నాళ్ళు ఎవర్నీ ఆపకుండా నీడ చూసుకుని నిలబడ్డారు.

నవ్వినంతసేపు పట్టలేదు ఏడవడానికి. ఇన్‌స్పెక్టరు మమ్మల్ని మర్చిపోలేదు. వెనక లైటు మసకగా ఉందని ఒక రోజు, బోర్డు అక్షరాలు చిన్నవని ఇంకో రోజు, గుమ్మం ముందు బండి పెట్టడం దారికి అడ్డమని మరో రోజు. ఏటేటా తిరగరాసే స్కూలు అనుమతికి స్టేషన్ నుంచి రావలసిన అభ్యంతరం లేదన్న మాట రాకుండా ఆగిపోయింది. కొత్తగా చేరదామని వచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, ఎదురుగా నిలబడ్డ పోలీసు మోటార్‌సైకిల్ చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. పంటకాలంలో మా చేను ఎండిపోయింది.

మామయ్యకు స్టేషన్‌లో ఇంకో రకం వేడి. ఇంట్లో ఆడదాన్ని అదుపు చెయ్యలేనివాడు జీపునేం అదుపు చేస్తాడని నలుగురిలోనూ అన్నాడట ఇన్‌స్పెక్టరు. ఆ మాట మాకు మామయ్య చెప్పలేదు. చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆయన ఇంటికొచ్చి, చొక్కా విప్పి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. పేజీ మాత్రం తిరిగేది కాదు.

ఒక సాయంత్రం పేపరు వెనక నుంచే అన్నాడు, "ఒక్క ఫొటో. ఇచ్చేస్తే పోతుంది కదా."

"ఏం పోతుందో చెప్పండి, ఇచ్చేస్తాను" అంది అత్తయ్య.

ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తాడు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ గట్టిగా దెబ్బలాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ వినలేదు. కానీ ఆ రోజు నుంచి ఒకే పంక్తిలో ఇద్దరూ వేరు వేరు ఊళ్ళలో కూర్చున్నట్టు తినేవాళ్ళు.

మా దగ్గర ఎన్నో ఏళ్ళ కిందట నేర్చుకున్న లాయరమ్మ ఒకావిడ ఉండేది. కోర్టులో ఎంతటివాణ్ణయినా వెనకడుగు వేయించేది గానీ, కారును వెనక్కి తియ్యడం మాత్రం ఆవిడకు ఈ జన్మకు రాలేదు. అత్తయ్య కబురు పెడితే వచ్చింది. విన్నది. ఫీజు మాటెత్తితే, వచ్చే జన్మలోనైనా రివర్సు నేర్పించమంది. పిటిషను వేసింది. అత్తయ్య స్టేషన్‌లో అడిగిన ప్రశ్నలే అందులో ఉన్నాయి. ఏ చట్టం కింద, ఎక్కడ దాస్తున్నారు, ఎవరు చూస్తున్నారు.

నర్సమ్మ సాక్ష్యం ఉంటే కేసు గట్టిగా నిలబడుతుందని లాయరమ్మ అంది. నేనూ అదే అనుకున్నాను. మేమిద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్ళి అడిగొస్తామన్నాం. అత్తయ్య వద్దంది.

"ఆ పిల్లని వాళ్ళు అడక్కుండా ఊరికి చూపించారు. ఇప్పుడు మనం వెళ్ళి అడిగి చూపిద్దామా?"

ఇంక మేం ఆ మాట ఎత్తలేదు. పిటిషన్లో ఆమె పేరు రాలేదు.

కోర్టులో పోలీసులు జవాబు దాఖలు చేశారు. ఒక సాయంత్రం లాయరమ్మ దాని నకలు తెచ్చి మా వీధిగదిలో కూర్చుని చదివి వినిపించింది. ఫొటోలు తీస్తున్న మాట నిజమే. భద్రత కోసం. తీసినవెంటనే స్టేషన్ కంప్యూటర్లోకి చేరుతాయి, ఫోన్లలోంచి చెరిపేస్తారు, బయటి కన్ను వాటి మీద పడదు. ఒక్క ఫొటో కూడా ఎవరికీ పంపలేదు. మామయ్య గుమ్మంలో స్టూలు మీద కూర్చుని కారు పెడలుకి ఊడిపోయిన రబ్బరు ఎక్కిస్తున్నాడు. లాయరమ్మ కళ్ళద్దాలు తీసింది. అబద్ధమని మనకు తెలుసు గానీ, కాదనడానికి చేతిలో ఏమీ లేదంది.

మామయ్య పెడలు కింద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"ఆ గ్రూపులో నేనూ ఉన్నాను" అన్నాడు.

జేబులోంచి ఫోను తీసి బల్లమీద పెట్టాడు. స్టేషన్‌వాళ్ళంతా ఉన్న గ్రూపు అది. కూడలిలో తీసిన మొహాలన్నీ అందులోకే వచ్చేవి. మొహం కింద మొహం. ఒక్కోదాని కింద పరాచికాలు. ఫలానావాడి మరదలు కాదూ అని ఒకరు. ఈ వయసులో ఈవిడకి కారెందుకని ఒకరు. అడిగినవాళ్ళకు అక్కణ్ణించే బయటికి పంపేవాళ్ళు. పైకి జరుపుతూ పోతే నర్సమ్మ కనిపించింది. తెల్ల యూనిఫాం, స్టీరింగ్ మీద రెండు చేతులు, ఏం జరగబోతోందో తెలియని కళ్ళు. పక్కన నా భుజం. కింద నవ్వే బొమ్మల వరస, అందులో ఇన్‌స్పెక్టరు పెట్టిన నవ్వు కూడా.

అత్తయ్య ఫోను లాయరమ్మ వైపు జరిపింది. మామయ్య వైపు చూడకుండా అడిగింది.

"వచ్చిన రోజే చూశారా?"

"వచ్చిన రోజే చూశాను."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కణ్ణించి గిన్నె చప్పుడు కూడా రాలేదు. కాసేపటికి తిరిగొచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడి లాయరమ్మనడిగింది, ఈయన ఈ సంగతి కోర్టులో చెప్తే ఉద్యోగం ఏమవుతుందని. లాయరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ముందు సస్పెండు చేస్తారు. తర్వాత పింఛను దాకా పోవచ్చు.

"అది నేనడగాల్సిన ప్రశ్న. నేను అడగట్లేదు" అన్నాడు మామయ్య. పెడలు తీసుకుని మళ్ళీ రబ్బరు ఎక్కించడంలో పడ్డాడు.

కోర్టుకు ఆయన యూనిఫాంలోనే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగకుండా. బోనులో నిలబడి, అడిగినదానికి అడిగినంతే చెప్పాడు. ఫోను అప్పగించాడు. ఆడవాళ్ళ మొహాలు బయటపడకుండా చూడమని అత్తయ్య ముందే లాయరమ్మకు గట్టిగా చెప్పింది కాబట్టి, దాన్ని న్యాయమూర్తి స్థానంలో ఉన్న ఆవిడ ఒక్కరే తన గదిలో చూశారు. చూసొచ్చి కూర్చున్నాక ఆవిడ గొంతు మారింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మామయ్యను అడిగారు.

"జీపు తోలేవాణ్ణమ్మా. వెనక సీట్లో ఏం మాట్లాడుకున్నా వినపడనట్టు ఉండాలని మొదట్లోనే నేర్పారు. అలవాటైపోయింది."

ఇన్‌స్పెక్టరు తన టోపీలోకి చూసుకుంటున్నాడు.

తీర్పు పూర్తిగా రావడానికి ఏళ్ళు పట్టవచ్చన్నారు. ఈలోపు పాటించమని ఒక ఉత్తర్వు ఇచ్చారు. చట్టం చూపించకుండా నడిపేవాళ్ళ మొహాలు తియ్యకూడదు. సొంత ఫోన్లు అసలు వాడకూడదు. తీసినవన్నీ చెరిపేసి ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి. బయటికి పంపినవాళ్ళెవరో తేల్చాలి. తేల్చడం మాత్రం ఇప్పటికీ తేలలేదు. కుర్ర కానిస్టేబుల్‌ను ఎక్కడికో బదిలీ చేశారు. ఇన్‌స్పెక్టరుకు ఇంకాస్త పెద్ద కుర్చీ దొరికిందని విన్నాం. మామయ్యను సస్పెండు చేశారు. కంచె చేను మేసిందని చెప్పినవాణ్ణే కాపలా నుంచి తీసేశారన్నమాట.

చుట్టాలు వచ్చి జాలిపడి వెళ్ళారు. నీ పంతానికి ఆయన పొట్ట కొట్టావని ఒక పెద్దావిడ అత్తయ్య మొహం మీదే అంది. అత్తయ్య ఆవిడకు మంచినీళ్ళిచ్చి, ఆయన ఇంట్లోనే ఉన్నాడు, ఆయన్నే అడగమంది. మామయ్య లోపలి నుంచి వచ్చి, నా పొట్ట నిండే ఉంది పిన్నీ, మీరు తిన్నారా అని అడిగాడు. ఆవిడ తర్వాత ఆ మాట ఎక్కడా అన్నట్టు వినలేదు.

అయినా వాళ్ళిద్దరి మధ్యా సంగతి ఒక్కరోజులో సర్దుకోలేదు. కోర్టులో నిలబడినందుకు అత్తయ్య ఆయన్ని మెచ్చుకోలేదు. అంతకుముందు నోరు మూసుకున్నందుకు తిట్టనూ లేదు. కొన్నాళ్ళు చూసి, ఖాళీగా కూర్చోవడం దేనికి, పొద్దుటి బ్యాచి మీరు చూడండి అంది. ఆయనకు నేర్పడం రాదని మొదటి రోజే తేలిపోయింది. నేర్చుకునేవాళ్ళు తప్పు చేసేలోపే తన వైపు బ్రేకు తొక్కేసేవాడు. కారు వీధి చివరిదాకా వెళ్ళడానికి పూట పట్టేది. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, "మీరే తొక్కేస్తుంటే వాళ్ళెప్పుడు నేర్చుకుంటారండీ, కాలు తియ్యండి" అని కసిరేది. ఆయన కాలు తీసేవాడు, మళ్ళీ పెట్టేవాడు, మళ్ళీ కసురు తినేవాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నట్టు నాకు అప్పుడే అనిపించింది.

తొలి వానలు పడే ముందు ఒక పొద్దున్న వీధిగది తలుపు తోసుకుని నర్సమ్మ వచ్చింది. ఈసారి కిటికీ దగ్గర ఆగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. మిగిలిన పాఠాలు ఎవరికైనా చెప్పేశారా, ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయంది అత్తయ్య. ఇంట్లో ఏమన్నారని మేం అడగలేదు. ఆమే చెప్పింది.

"మా బావగారితో అన్నాను. ఫొటో ఊరంతా చూసేసింది, మీరూ చూసేశారు, ఇంక దాచుకోవడానికి నా దగ్గర ఏముంది బావగారూ, అందుకని పగలే వెళ్ళి నేర్చుకుంటాను అని."

ఆయన ఏమన్నాడని నేను ఉండబట్టలేక అడిగాను. ఏమంటారు, భోజనం మానేశారు అంది. ఆసుపత్రిలో రోజూ చూస్తుంటాం, ఒకపూట మానేస్తే ఎవరికీ ఏమీ కాదు అని కూడా అంది. అత్తయ్య నవ్వడం ఆ వేసవిలో అదే మొదలు.

ఆ రోజు పాఠం నాదే. నర్సమ్మ కారును తిన్నగా పెద్ద కూడలి వైపే పోనిచ్చింది. వేరే దారిలో వెళ్దామా అన్నాను. వద్దంది. తనిఖీ ఉంది. వయసు మళ్ళిన కానిస్టేబుల్ ఒకాయన చెయ్యెత్తాడు. ఆమె ఆపింది, అద్దం దించింది, కార్డు ఇచ్చింది. ఆయన చేతుల్లో ఫోను లేదు. కార్డు చూశాడు, ఆమెను చూశాడు. ఆమె ఎండకి పెట్టుకున్న నల్లకళ్ళద్దాలు తీసి ఆయన కళ్ళలోకి చూసింది.

"నేనేనండీ. సరిగ్గా చూసుకోండి."

ఆయన కార్డు తిరిగిచ్చి వెళ్ళమన్నాడు. పచ్చలైటు పడింది. ఆమె క్లచ్చి తొందరగా వదిలేసింది. కూడలి మధ్యలోకి వెళ్ళి బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వెనక లారీ హారను మొదలుపెట్టింది. దాని వెనక ఇంకొకటి. రోడ్డు మీద ఉన్నవాళ్ళంతా ఎవరా అని కారు వైపు చూస్తున్నారు. నేను నా వైపు క్లచ్చి మీద కాలు పెట్టబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది. గేరు న్యూట్రల్లోకి తెచ్చింది. కిటికీ అద్దం ఎత్తుకోలేదు, మొహం తిప్పుకోలేదు.

"చూడనివ్వండి" అంది.

తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. హారన్లు మోగుతూనే ఉండగా, ఇండికేటరు వేసి, అద్దంలో చూసుకుని, తను పోదలుచుకున్న వైపుకి నెమ్మదిగా తిప్పింది.